మిరప కాయ జాతకం రైతుకు తెలియవద్దా?

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలుకు వచ్చే రైతుకు కాయ గురించి ఒకరు చెప్పవలసిన పని లేదు. రంగు చూసి ఏ కోత కాయో చెబుతాడు. గుప్పెట్లో నలిపి తేమ ఎంతో చెబుతాడు. తొడిమ, తాలు, మచ్చ అన్నీ అతని కంటికి తెలుసు. తేజ అయినా, 334 అయినా, ఇంత ధర పలకాలని కళ్ళంలోనే లెక్క వేసుకుని బయలుదేరుతాడు.

కాని కొన్నేళ్ళుగా ధరను అటూ ఇటూ చేసే సంగతి మరొకటి వచ్చి చేరింది. అది కంటికి కనపడదు. ముక్కుకు తెలియదు. నాలుకకు అందదు. అదే పురుగు మందుల అవశేషం. చేలో కొట్టిన మందులో ఎండ, గాలి, వాన తీసుకుపోగా కాయలో మిగిలిన పిసరు. ఎగుమతి సరుకు దగ్గర “ఈ లాటులో మందు ఉందట” అన్న ఒక్క మాట చాలు, బేరం దిగిపోతుంది. ఏ మందు ఉంది, ఎంత ఉంది, ఎక్కడ పరీక్ష చేశారు అని అడిగితే జవాబు ఉండదు. చీటీ రైతు చేతికి రాదు.

ఆ చీటీని రాసేది ఒక యంత్రం. దాని పేరు గ్యాస్ క్రొమటోగ్రాఫ్. ఆ పని పేరు గ్యాస్ క్రొమటోగ్రఫీ. పేరు నోరు తిరగనిదే అయినా దాని పనితనం పల్లెటూరి వానికి అర్థం కానిది కాదు. అర్థం చేసుకోవలసిన అవసరం కూడా ఉంది. ఎందుకంటే కష్టపడి పండించిన కాయ మీద తీర్పు చెబుతున్నది ఆ యంత్రమే. తీర్పు చెప్పేవాడు ఎలా విచారిస్తాడో తెలియకుండా శిక్ష మాత్రం అనుభవించడం న్యాయం కాదు.

డొంక దారిన మంద

సాయంకాలం మంద ఊరికి తిరిగి వచ్చే దృశ్యం అందరికీ తెలిసినదే. అన్నీ ఒక్కసారే బయలుదేరుతాయి. దారి ఒక్కటే, వెనక నుంచి అదిలించే కాపరీ ఒక్కడే. అయినా అన్నీ ఒకేసారి ఊరు చేరవు. గొర్రెలు తల వంచుకుని సాగిపోతాయి. మేకలు ప్రతి కంప దగ్గరా ఆగి రెండు ఆకులు కొరుకుతాయి. గేదెలు మడుగు కనపడితే దిగి కూర్చుంటాయి. డొంక పొడుగు కొద్దీ వాటి మధ్య ఎడం పెరుగుతుంది. ఊరి మొదట్లో నిలబడ్డ మనిషి ఏది ఎప్పుడు వచ్చిందో, ఎన్ని వచ్చాయో లెక్క చెప్పగలడు.

గ్యాస్ క్రొమటోగ్రాఫ్ చేసే పని సరిగ్గా ఇదే. మిరప నుంచి తీసిన రసంలో ఒక చుక్క కంటే తక్కువ పరిమాణాన్ని సన్నని సూదితో యంత్రంలోకి ఎక్కిస్తారు. అక్కడ సుమారు 250 డిగ్రీల వేడి ఉంటుంది. ఆ వేడికి రసంలోని మందులన్నీ ఆవిరి అవుతాయి. హీలియం గాని, నైట్రోజన్ గాని, హైడ్రోజన్ గాని ఆ ఆవిరిని ముందుకు తోస్తుంది. ఇది కాపరి పని. డొంక స్థానంలో ఉండేది గాజు జాతి పదార్థంతో చేసిన సన్నని గొట్టం. సాధారణంగా 30 మీటర్ల పొడవు, పావు మిల్లీమీటరు లోపలి వెడల్పు. చుట్టలాగా చుట్టి పొయ్యి వంటి పెట్టెలో పెడతారు. గొట్టం లోపలి గోడకు జిగురు పూసినట్టు పలుచని పూత ఉంటుంది. ఆ పూత అంటే ఇష్టపడే మందు దానిని అంటుకుని ఆలస్యం చేస్తుంది. ఇష్టం లేనిది గ్యాసుతోపాటు సాగిపోతుంది. త్వరగా ఆవిరి అయ్యేవి ముందు, బరువైనవి వెనక. పెట్టె వేడిని 70, 80 డిగ్రీల నుంచి మెల్లమెల్లగా 300 డిగ్రీల దాకా పెంచుకుంటూ పోతే బద్ధకించి కూర్చున్నవి కూడా లేచి బయటికి నడుస్తాయి.

గొట్టం ఎక్కించిన క్షణం నుంచి బయటకు వచ్చే దాకా ఒక్కొక్క మందుకు ఒక్కొక్క సమయం. ఒకటి 12 నిమిషాలకు వస్తే మరొకటి 17 నిమిషాలకు రావచ్చు. అదే గొట్టం, అదే వేడి, అదే గ్యాసు ఉన్నంత కాలం ఆ సమయం మారదు. అందుకే ముందుగా స్వచ్ఛమైన మందును తూకం వేసి యంత్రంలోకి ఎక్కించి, అది ఎన్ని నిమిషాలకు వస్తుందో రాసి పెట్టుకుంటారు. తరువాత రైతు కాయ రసం ఎక్కిస్తారు. అదే నిమిషానికి కాగితం మీద గీత కొండలాగా లేస్తే ఆ మందు ఉన్నట్టు అనుమానం. కొండ ఎంత పెద్దదైతే మందు అంత ఎక్కువ.

గడప దగ్గర కాపలా

గొట్టం చివర కాపలావాడు ఉంటాడు. ఇతనిలో రకాలున్నాయి. ఒక రకం హైడ్రోజన్ మంట. కర్బనం ఉన్న పదార్థం మంటలో పడితే కరెంటు కణాలు పుడతాయి, వాటిని కొలుస్తారు. ఇంకొక రకం క్లోరిన్ ఉన్న మందుల కోసం. ఎండ్రిన్, డి.డి.టి., ఎండోసల్ఫాన్ వంటివి దీనికి దొరుకుతాయి. ఇందులో నికెల్ 63 అనే పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు నిరంతరం పారుతుంటాయి. క్లోరిన్ ఉన్న మందు వచ్చిందంటే వాటిని మింగేస్తుంది. కాలువ పారుతుండగా పైన ఎవరో మోటారు పెట్టి తోడితే దిగువ మట్టం పడిపోయినట్టే, కరెంటు పడిపోతుంది. ఎంత పడిందో చూసి మందు ఎంతో చెబుతారు. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ట్రయాజోఫాస్ వంటి ఫాస్ఫరస్ మందులను పట్టే కాపలావాడు వేరే ఉన్నాడు.

అయితే రెండు మందులు ఒకే నిమిషానికి వచ్చే ప్రమాదం ఉంది. అందుకని ఇప్పుడు గొట్టం చివర మాస్ స్పెక్ట్రోమీటర్ అనే మరొక యంత్రాన్ని తగిలిస్తారు. అది వచ్చిన మందును ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క బరువు చూస్తుంది. ఒక్కొక్క మందు విరిగే తీరు ఒక్కొక్క విధం. వేలిముద్ర వంటిది. సమయమూ కలిసి, వేలిముద్రా కలిస్తేనే ఫలానా మందు అని సంతకం పెట్టడం పద్ధతి.

ఈ విద్య ఈనాటిది కాదు. 1903లో రష్యా శాస్త్రజ్ఞుడు త్స్వెట్ ఆకు పసరును సుద్ద నింపిన గొట్టంలో పోసి, పచ్చ, పసుపు రంగులను విడదీసి చూపించాడు. ఆ రంగుల మూలంగానే క్రొమటోగ్రఫీ అనే పేరు వచ్చింది. ద్రవానికి బదులు గ్యాసుతో ఈ పని చేసే పద్ధతిని 1952లో ఇంగ్లండులో ఎ.టి. జేమ్స్, ఆర్చర్ మార్టిన్ లోకానికి చూపించారు. క్లోరిన్ మందులను పట్టే కాపలా పరికరాన్ని 1950 దశకం చివరలో అక్కడి వాడే అయిన జేమ్స్ లవ్‌లాక్ తయారుచేశాడు. చేలో కొట్టిన మందు చేలోనే ఉండిపోదనీ, పాలలో, చేపలో, మనిషి కొవ్వులో కూడా తేలుతుందనీ ఆ తరువాత లెక్కలతో సహా మరింత స్పష్టమైంది. ఒకప్పుడు పత్తి చేలలో ధారాళంగా వాడిన ఎండ్రిన్ దేశంలో నిషేధమై చాలా కాలమైంది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. ట్రయాజోఫాస్‌ను 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు.

2,500 టిక్కీలలో ఒక్క గ్రాము

యంత్రం చూపు ఎంత సూక్ష్మమో తెలిస్తే రైతు ఆశ్చర్యపోక తప్పదు. ఐరోపా దేశాలు ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందులకు కిలోకు 0.01 మిల్లీగ్రాము అని సామాన్య హద్దు పెట్టాయి. దీనిని యార్డు భాషలో చెప్పాలంటే 100 టన్నుల కాయలో ఒక్క గ్రాము మందు. 40 కిలోల టిక్కీలయితే 2,500 టిక్కీలు. వాటన్నింటిలో కలిసిపోయిన ఒక్క గ్రామును యంత్రం పట్టుకుంటుంది. కొట్టంలో ఒక మూల మందు డబ్బా, మరొక మూల కాయల బస్తా పెట్టినా, మందు కలిపిన బానలోనే కాయ తడిపినా ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మిరపకు ఇంకొక చిక్కు ఉంది. మూడు నాలుగు కిలోల పండు కాయ ఎండితే గాని కిలో ఎండు మిర్చి రాదు. నీరు పోతుంది, బరువు పోతుంది, మందులో చాలా భాగం మాత్రం ఉండిపోయి చిక్కబడుతుంది. పాలు మరిగిస్తే మీగడ కట్టినట్టు. కోతకు ముందు వారం కొట్టిన మందు కళ్ళంలో ఆరబోసిన కాయలో తక్కువగా కాక ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. డబ్బా మీద ఆఖరి పిచికారీకి, కోతకు మధ్య ఇన్ని రోజులు ఆగాలని రాసి ఉంటుంది. కాయ కోత ఒక్కసారితో అయ్యేది కాదు, రెండు మూడు కోతలు ఉంటాయి. ఒక కోతకు, మరొక కోతకు మధ్య పురుగు వస్తుంది, మందు కొట్టక తప్పదు. 2021 పంట కాలంలో నల్ల తామర పురుగు వచ్చి పూత మాడ్చినప్పుడు రైతు చేతికందిన మందల్లా కొట్టాడు. ఆ కష్టం తెలియని వారే గడువు పాటించలేదని రైతును తేలికగా తప్పు పడతారు.

ఏలూరు చెప్పిన పాఠం

ఇది ఎగుమతి వ్యాపారం సంగతి మాత్రమే అనుకోవడం పొరపాటు. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చి ఆసుపత్రి పాలయ్యారు. మొదట నీళ్ళన్నారు. తరువాత రక్తంలో సీసం, నికెల్ అన్నారు. నమూనాలు పెద్ద సంస్థలకు వెళ్ళాయి. పురుగు మందుల అవశేషాలే ప్రధాన కారణమని ఢిల్లీ ఎయిమ్స్, నాగపూరు నీరి నిపుణులు అదే నెలలో అభిప్రాయం చెప్పారు. అంతవరకు తల్లులు బిడ్డలకు ఏ నీళ్ళు పట్టాలో, ఏ కూర వండాలో తెలియక భయంతో గడిపారు. పరీక్షించే చోటు దగ్గర లేకపోతే, జవాబు ఆలస్యమైతే దాని ఖరీదు ప్రాణాలతో చెల్లించవలసి వస్తుంది. ఎగుమతి కాయకు పరీక్ష ఉంది. ఊళ్ళో అమ్మే వంకాయకు, టమాటాకు, ఇంటి పచ్చడి కాయకు ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు?

యంత్రం శత్రువు కాదు

“ఇదంతా పై దేశాల వాళ్ళు ధర దించడానికి ఎత్తిన ఎత్తు. తాతల నాటి నుంచి మందు కొట్టిన కూడే తిన్నాం, ఏమైంది” అనే మాట రచ్చబండ దగ్గర తరచుగా వినిపిస్తుంది. ఆ మాటలో కోపం న్యాయమైనదే, వాదన మాత్రం నిలవదు. తాతల నాడు పరీక్షించే యంత్రం ఊరి దరిదాపుల్లో లేదు గనుక ఏమీ కాలేదని అనుకున్నారు. చూడనిదల్లా లేనిది కాదు.

పైగా యంత్రం రైతును పట్టించడమే కాదు, రక్షించగలదు కూడా. 2020 సెప్టెంబరులో మన దేశం నుంచి వెళ్ళిన నువ్వులలో ఎథిలిన్ ఆక్సైడ్ ఉందని ఐరోపా దేశాలు గగ్గోలు పెట్టాయి. ఎంతో సరుకు అంగళ్ళ నుంచి వెనక్కు తీశారు. ఎథిలిన్ ఆక్సైడ్ చేలో కొట్టే మందు కాదు. పంట చేతులు మారిన తరువాత సూక్ష్మజీవులను చంపడానికి వాడే గ్యాసు. మందు పేరు స్పష్టంగా తెలిసింది కాబట్టే తప్పు నువ్వుల రైతుది కాదని చెప్పగలిగారు. “మందు ఉందట” అనే గాలి మాటతో సరిపెట్టి ఉంటే నింద ఎవరి మెడకు చుట్టుకునేదో వేరే చెప్పనక్కరలేదు.

అలాగే బయో మందులనీ, ఆకు రసాలనీ చెప్పి అమ్మే సీసాలలో రసాయన మందులు కలిపిన ఉదంతాలు రాష్ట్రంలో వెలుగు చూశాయి. రైతు ప్రకృతి మందే కొట్టానని ప్రమాణం చేస్తాడు, కాయలో రసాయనం తేలుతుంది. అబద్ధం చెప్పింది రైతా, సీసానా? ఆ సీసాలోని చుక్కను అదే యంత్రంలోకి ఎక్కిస్తే నిజం తేలిపోతుంది. రైతు చేతిలో బిల్లు, దాచిన సీసా, పరీక్ష చీటీ మూడూ ఉంటే నష్టం ఎవరి నుంచి రాబట్టుకోవాలో తెలుస్తుంది. బిల్లు ఇవ్వని దుకాణంలో మందు కొనడం అంటే సాక్ష్యాన్ని చేజేతులా పారేసుకోవడమే.

యంత్రానికి కూడా హద్దులున్నాయి

యంత్రం చెప్పిందల్లా వేదం అనుకోనక్కరలేదు. వేడికి ఆవిరి కాని మందులు దీనికి దొరకవు. కార్బెండజిమ్, ఇమిడాక్లోప్రిడ్ వంటి వాటిని ద్రవంతో నడిచే మరొక క్రొమటోగ్రఫీ యంత్రంలో చూస్తారు. బూజు విషం అఫ్లటాక్సిన్‌కు, కల్తీ రంగులకు కూడా ఆ యంత్రమే వాడుక. వెతకని మందు కనపడదు. అందుచేత “ఏమీ లేదు” అనే చీటీ వచ్చినా, ఏయే మందుల కోసం వెతికారో, ఎంత తక్కువ దాకా కొలవగలరో అందులో రాసి ఉండాలి. ఆ రెండూ లేని చీటీ తూకంరాయి చూపని త్రాసు వంటిది.

రెండవది నమూనా. యంత్రం చూసేది ఒక చుక్క. ఆ చుక్క 200 టిక్కీల లాటు మాట చెప్పాలి. పై టిక్కీ నుంచి గుప్పెడు కాయ తీసి పంపితే అది లాటు మాట కాదు, ఆ గుప్పెడు మాటే. అనేక టిక్కీలలో పైన, నడుమ, అడుగున తీసి, అన్నీ కుప్ప పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి, మళ్ళీ కలిపి అలా తగ్గించుకుంటూ పోవాలి. మూడవది పరీక్ష గదిలో జరిగే పని. మిరపలో రంగు, నూనె, ఘాటు ఎక్కువ. అవన్నీ యంత్రాన్ని తికమక పెడతాయి. పొడి చేసి, నీరు, అసిటోనైట్రైల్ అనే ద్రవం, ఉప్పులు వేసి కుదిపి, గిర్రున తిప్పి, తేరిన రసాన్ని శుభ్రం చేసి గాని యంత్రానికి ఇవ్వరాదు. ఇక్కడ అలసత్వం జరిగితే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పే చెబుతుంది.

ఏమి జరగాలి?

గుంటూరులో సుగంధ ద్రవ్యాల బోర్డు పరీక్షాశాల ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి అవశేషాల పరీక్షా కేంద్రం ఉంది. దేశమంతటా కూరగాయలు, పాలు, చేపలలో అవశేషాలను పరిశీలించే కేంద్ర పథకం 2005-06 నుంచి నడుస్తోంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం నియోజకవర్గాల స్థాయిలో విత్తనాలు, ఎరువులు, మందుల నాణ్యత చూసే కేంద్రాలను ప్రారంభించింది. విద్య ఉంది, యంత్రాలు ఉన్నాయి. లేనిదల్లా వాటికి, రైతు కళ్ళానికి మధ్య దారి.

మొదటిది, ఎవరు పరీక్ష చేయించినా ఆ లాటు తాలూకు చీటీ నకలు రైతుకు ఇవ్వాలి. అవశేషం పేరు చెప్పి ధర తగ్గించేవారు చీటీ చూపిన తరువాతే తగ్గించాలని మార్కెట్ కమిటీ నిబంధన చేయాలి. ఆహార భద్రత చట్టం 2006లో 40వ సెక్షన్ సరుకు కొన్నవాడు రుసుము చెల్లించి పరీక్ష చేయించుకునే హక్కును చెబుతుంది. ఆ సెక్షన్ కొన్నవాని గురించే చెబుతుంది, పండించినవాని గురించి కాదు. పండించినవానికి కూడా అటువంటి దారి యార్డులో ఉండాలి.

రెండవది, పరీక్ష అమ్మకానికి ముందు జరగాలి. కాయ కళ్ళంలో ఉండగానే ఫలితం తెలిస్తే రైతు ఏ బజారుకు పంపాలో ఆలోచించుకుంటాడు. ఒక్కడి వల్ల కాని ఖర్చును ఊరి రైతు సంఘాలు కలిసి భరించవచ్చు. ఒకే మందులు, ఒకే తేదీల్లో కొట్టిన పది మంది కాయకు ఒక నమూనా తీసినా ఊరి పరిస్థితి తెలుస్తుంది. ఈ ఖర్చులో సగమైనా ప్రభుత్వం భరించడం న్యాయం.

మూడవది, యంత్రాలు కొని గదులకు తాళాలు వేయడం పరీక్షాశాల అనిపించుకోదు. గ్యాసు సిలిండర్లు, పోల్చి చూసే స్వచ్ఛమైన మందులు, చెయ్యి తిరిగిన మనుషులు, నిలకడైన కరెంటు ఉంటేనే అది నడుస్తుంది. నమూనా ఇచ్చిన తరువాత ఎన్ని రోజులకు ఫలితం ఇస్తారో గోడ మీద రాసి పెట్టాలి.

రైతు వైపు నుంచి చేయవలసినదీ ఉంది. అప్పుల పుస్తకం ఉన్నట్టే ప్రతి ఇంట్లో మందుల పుస్తకం ఉండాలి. ఏ తేదీన, ఏ మందు, ఎంత కొట్టినదీ రాసుకోవాలి. ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు, వారి చేత రాయించవచ్చు. కోతకు దగ్గరలో ఏ మందు కొట్టవచ్చునో, ఎన్నాళ్ళు ఆగాలో దుకాణదారును కాక వ్యవసాయ శాఖ వారిని అడగాలి. నాలుగు రకాలు ఒకే బానలో కలిపి కొట్టే అలవాటు మానాలి. కళ్ళానికి వచ్చిన కాయ మీద ఏ మందూ చల్లరాదు. కూలీలు, పసిపిల్లలు ఆ కాయల మీదే కూర్చుని తొడిమలు తీస్తారన్న సంగతి మరువరాదు. 2,500 టిక్కీలలో గ్రాము కోసం వెతికే లోకం, రోజంతా మందు ఆవిరి పీల్చే ఆ కూలి మనిషి రక్తాన్ని ఎన్నడైనా పరీక్షించిందా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

వెనకటికి యార్డులో కాటా రైతుకు కనపడకుండా ఉండేది. పోరాడి దానిని రైతు కళ్ళ ముందుకు తెచ్చుకున్నారు. నేటి కాటా గ్యాస్ క్రొమటోగ్రాఫ్. అది చూపే అంకె కూడా రైతు కళ్ళ ముందే ఉండాలి. రాబోయే కోతల నాటికైనా మార్కెట్ కమిటీ, వ్యవసాయ శాఖ అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలి.